కావలి కణంలోనే కాపురం: థైలీరియా సోకిన ఆవు ఒంట్లో ఏం జరుగుతుంది

వానలు మొదలైన కొన్ని వారాలకు హైదరాబాద్ చుట్టుపక్కల పాడి షెడ్లలో ఒకే తరహా కబురు వినిపిస్తుంది. అది చేవెళ్ల కావచ్చు, ఇబ్రహీంపట్నం కావచ్చు, షాద్‌నగర్ కావచ్చు. పక్క రాష్ట్రం నుంచి లారీలో తెచ్చిన హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాస్ ఆవు, అప్పు చేసి కొన్న ఆవు, ఉన్నట్టుండి మేత మానేస్తుంది. థర్మామీటర్ పెడితే 105, 106 డిగ్రీలు. భుజానికి ముందు, చర్మం కింద, నిమ్మకాయంత గడ్డ చేతికి తగులుతుంది. పాలు సగానికి పడిపోతాయి. నాలుగైదు రోజులు గడిచేసరికి కంటి లోపలి పొర తెల్లబారుతుంది, కొన్నిటిలో పసుపు రంగుకు తిరుగుతుంది. చెవి వెనక, పొదుగు పక్కన, తోక కింద వెతికితే గోమార్లు కనిపిస్తాయి. కొన్ని ఊళ్లలో వీటినే పిడుదులు అంటారు.

అదే కొట్టంలో కట్టేసిన నాటు ఆవుకూ అవే గోమార్లు పట్టి ఉంటాయి. అది మాత్రం నెమరు వేసుకుంటూ నిలబడి ఉంటుంది.

ఇలాంటి చోట సాధారణంగా వినిపించే మాట, "దీనికి రోగనిరోధక శక్తి తక్కువ". వెంటనే ఆ శక్తిని పెంచుతామనే టానిక్ సీసాలు వస్తాయి. ఈ ఆలోచన తప్పుదారి పట్టిస్తుంది. గోమార్ల ద్వారా వచ్చే ఈ జబ్బులో ఆవును కుంగదీసేది చాలావరకు దాని సొంత రోగనిరోధక వ్యవస్థ స్పందించే తీరే. బతికించేది కూడా ఆ వ్యవస్థే. ఏ రకం స్పందన, ఎన్నో రోజున మొదలైంది, ఎంత మోతాదులో ఆగింది అన్న మూడు విషయాల మీద ఆవు ప్రాణం ఆధారపడి ఉంటుంది. శక్తి ఎక్కువా తక్కువా అని ఒకే కొలతతో కొలిస్తే ఈ జబ్బు అర్థం కాదు.

మన ప్రాంతంలో గోమార్లు మోసుకొచ్చే జబ్బుల్లో ముఖ్యమైనవి మూడు: థైలీరియోసిస్, బెబీసియోసిస్, అనాప్లాస్మోసిస్. మూడోదానికి కారణం బ్యాక్టీరియా కాబట్టి దాన్ని ఇక్కడ పక్కన పెడదాం. మిగతా రెండూ ఏకకణ పరాన్నజీవుల వల్ల వచ్చేవి, మలేరియా క్రిమికి దగ్గరి చుట్టాలు. పైన చెప్పిన ఆవుకు వచ్చింది థైలీరియా. శాస్త్రీయంగా థైలీరియా యాన్యులేటా.

కాటుకూ రోగానికీ మధ్య రెండు రోజులు

ఈ క్రిమిని మోసేది హైలోమా జాతి గోమారి. ఇది జీవితమంతా ఒకే పశువు మీద గడపదు. పిల్ల దశలో ఒక పశువు రక్తం తాగి, కింద రాలి, గోడ పగుళ్లలోనో పేడ కుప్పల పక్కనో దాక్కుని, తోలు విడిచి, తర్వాతి దశలో మరో పశువును పట్టుకుంటుంది. రోగం ఉన్న పశువు రక్తాన్ని ఒక దశలో తాగితే, ఆ క్రిమిని తర్వాతి దశలో ఇంకో పశువుకు అంటిస్తుంది. తల్లి నుంచి గుడ్లకు మాత్రం ఇది పాకదు.

గోమారి కరిచిన మరుక్షణమే రోగం అంటుకోదు. దాని లాలాజల గ్రంథుల్లో థైలీరియా అప్పటికి ఇంకా పక్వం కాని స్థితిలో ఉంటుంది. పశువు ఒంటి వెచ్చదనం తగిలి, రక్తం తాగడం మొదలయ్యాక, రెండు మూడు రోజులకు గాని స్పోరోజోయిట్లు అనే సోకే రూపాలు తయారవవు. రోజూ పాలు పితికేటప్పుడు చెవులు, గంగడోలు, పొదుగు తడిమి చూసి గోమార్లను తీసేసే పాత అలవాటుకు ఉన్న శాస్త్రీయ బలం ఇదే. ఆదివారానికి ఒకసారి చూస్తే ఆ బలం పోతుంది.

ఆ రెండు మూడు రోజులు గోమారి కూడా ఊరికే ఉండదు. తన లాలాజలంతో కాటు పడిన చోటును నిద్రపుచ్చుతుంది. దురద పుట్టించే హిస్టమిన్‌ను పట్టేసే ప్రోటీన్లు, రక్తం గడ్డకట్టకుండా ఆపే పదార్థాలు, కాంప్లిమెంట్ అనే తొలి రక్షణ వ్యవస్థను అడ్డుకునే అణువులు, తెల్లకణాల హడావిడిని తగ్గించే ప్రోస్టాగ్లాండిన్ అందులో ఉంటాయి. దురద లేకపోతే ఆవు ఒళ్లు రుద్దుకోదు, నాకదు. గోమారి తన కడుపు కోసం చేసుకున్న ఈ ఏర్పాటు థైలీరియాకు ఉచితంగా దొరికిన రహదారి అవుతుంది.

మాక్రోఫేజ్‌ను లోబరచుకునే తీరు

చర్మంలోకి దిగిన స్పోరోజోయిట్ నిమిషాల్లో ఒక కణంలోకి చేరుతుంది. ఏ కణం? మాక్రోఫేజ్, దాని పూర్వరూపమైన మోనోసైట్, కొంతవరకు బి లింఫోసైట్ (యాంటీబాడీలు తయారుచేసే బి కణం). అంటే, క్రిములను పట్టుకుని మింగి, ముక్కలు చేసి, "ఇదిగో శత్రువు" అని మిగతా సైన్యానికి చూపించాల్సిన కావలి కణాలే. కంచె చేను మేయడం అన్న మాటకు జీవశాస్త్రంలో ఇంతకంటే సరిపోయే ఉదాహరణ దొరకడం కష్టం.

మామూలుగా మాక్రోఫేజ్ ఒక క్రిమిని మింగితే, దాన్ని ఒక పొర సంచిలో బంధిస్తుంది. ఆ సంచిలోకి ఆమ్లాలు, ఎంజైములు పోసి కరిగిస్తుంది. మలేరియా క్రిమి, టాక్సోప్లాస్మా లాంటి క్రిములు తాము చేరిన కణంలో అలాంటి సంచినే తమకు అనుకూలంగా మలచుకుని లోపలే ఉంటాయి. థైలీరియా దారి వేరు. లోపలికి వెళ్లిన కొద్దిసేపటికే తన చుట్టూ ఉన్న పొరను కరిగించేసి, కణం లోపలి ద్రవంలో ఏ అడ్డూ లేకుండా నిలుస్తుంది. కణం తన ఆకారం కోసం, విభజన కోసం వాడుకునే సన్నటి గొట్టాలు, మైక్రోట్యూబ్యూల్స్, దాని చుట్టూ చేరతాయి.

ఇక అసలు వింత ఇక్కడ మొదలవుతుంది. స్కైజాంట్ అనే, కణం లోపల పెరిగే దశకు ఎదిగిన క్రిమి ఆ కణానికి నిరంతరం "విభజించు, చావకు" అనే సంకేతం అందేలా చేస్తుంది. కణాల్లో ఎన్ఎఫ్-కప్పా-బి అనే ఒక స్విచ్ ఉంటుంది. ప్రమాదం వచ్చినప్పుడు అది కొంతసేపు వెలిగి ఆరిపోవాలి. థైలీరియా ఉన్న కణంలో అది ఆరదు. మాక్రోఫేజ్ తన వృత్తి మరిచిపోతుంది. మింగడం తగ్గిపోతుంది, క్రిములను చంపడానికి వదలాల్సిన నైట్రిక్ ఆక్సైడ్ వదలదు, కేవలం పెరగడం ఒక్కటే పనిగా పెట్టుకుంటుంది. కణం రెండుగా చీలేటప్పుడు స్కైజాంట్ ఆ చీలికను నడిపే తంతువులకే అతుక్కుని తానూ రెండుగా పంచుకుంటుంది. ఇద్దరు పిల్లలకూ వాటా. పరాన్నజీవి ఒక కణం నుంచి బయటపడి ఇంకో కణాన్ని వెతుక్కునే అవసరమే లేదు. బయటికి రాకపోతే యాంటీబాడీలకు దొరికే అవకాశమూ లేదు.

ఇది క్యాన్సర్ నడక. సోకిన కణాలు మ్యాట్రిక్స్ మెటలోప్రోటీనేజ్ అనే ఎంజైములు వదిలి, కణజాలాన్ని కోసుకుంటూ లింఫ్ గ్రంథి నుంచి ప్లీహానికి, కాలేయానికి, ఊపిరితిత్తులకు పాకుతాయి. ఆఖరి రోజుల్లో ఆవు ఆయాసపడేది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం వల్లే. అయితే ఒక తేడా ఉంది. బుపార్వాక్వోన్ మందుతో లోపలి క్రిమిని చంపితే ఆ కణం పెరగడం మానేస్తుంది, తర్వాత తన దారిన తాను చనిపోతుంది. వెనక్కి తిప్పగల క్యాన్సర్ అనే మాట ఇలా వచ్చింది. పశువులతో ఏ సంబంధమూ లేని క్యాన్సర్ పరిశోధకులు కూడా ఈ చిన్న క్రిమిని పట్టుకుని కూర్చోవడానికి కారణం ఇదే. 2005లో దీని జన్యుక్రమం పూర్తిగా చదివారు. నాలుగే క్రోమోజోములు, దాదాపు 3,800 జన్యువులు. ఇంత చిన్న సరంజామాతో ఒక ఆవు కణం పగ్గాలు చేతికి తీసుకుంటుంది.

భుజం ముందు గడ్డలోంచి సూదితో కొద్దిగా ద్రవం తీసి, స్లైడ్ మీద జీమ్సా రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, తెల్లకణాల లోపల నీలిరంగు మచ్చల గుంపులా కనిపించేవి ఈ స్కైజాంట్లే. వీటికి జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ పేరు మీద కాక్ బ్లూ బాడీస్ అని పేరు. రక్తపు చుక్కలో క్రిమి కనిపించడానికి కొన్ని రోజుల ముందే ఇవి గ్రంథిలో దొరుకుతాయి. రక్తం ఒక్కటే పరీక్షించి, ఏమీ లేదని తిరిగి పంపేస్తే ఆ రోజులు చేజారతాయి.

కేకలు ఎక్కువ, పని తక్కువ

సోకిన మాక్రోఫేజ్ తన వృత్తి మరిచిపోయినా ఒక పని మాత్రం అతిగా చేస్తుంది. టి కణాలు అనే మరో రకం తెల్లకణాలను పిలవడం.

మామూలుగా ఒక టి కణం మేల్కొనాలంటే దానికి సరిపోయే శత్రువు ముక్కను, సరైన పళ్లెంలో పెట్టి చూపించాలి. వేల టి కణాల్లో ఏ ఒకటో రెండో ఆ ముక్కను గుర్తుపడతాయి, అవే పెరుగుతాయి. థైలీరియా సోకిన కణం మాత్రం ఈ నియమం లేకుండా, గుర్తుపట్టినా పట్టకపోయినా, ఎదురైన టి కణాలన్నిటినీ లేపేస్తుంది. లింఫ్ గ్రంథి ఉబ్బడానికి సోకిన కణాల పెరుగుదల ఒక కారణమైతే, గురి లేకుండా లేచిన ఈ టి కణాల గుంపు మరో కారణం. గ్రంథి లోపల బి కణాలు పదునెక్కే జెర్మినల్ సెంటర్లు ఈ రద్దీలో చెదిరిపోతాయి. బయటినుంచి చూస్తే గడ్డ పెద్దదైంది, ఒళ్లు కాలిపోతోంది, అంటే శరీరం గట్టిగా పోరాడుతోందనిపిస్తుంది. లోపల మాత్రం గురి చూసి కొట్టగల కణాలకు చోటే దొరకడం లేదు.

ఇలా లేచిన టి కణాలు గామా ఇంటర్‌ఫెరాన్ అనే సందేశాన్ని కుమ్మరిస్తాయి. ఇది మాక్రోఫేజ్‌లకు "చంపు" అని చెప్పే ఆజ్ఞ. స్కైజాంట్ ఉన్న మాక్రోఫేజ్ ఆ ఆజ్ఞకు లొంగదు. మరోపక్క సోకిన కణాలే టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-1, ఐఎల్-6 లాంటి మంట రేపే రసాయనాలు వదులుతూ ఉంటాయి. జ్వరం, మేత మానేయడం, కండ కరిగిపోవడం, కొత్త రక్తం తయారీ మందగించడం... ఇవన్నీ ఆ రసాయనాలు అతిగా ఉంటే కనిపించే లక్షణాలే. క్రిమి నేరుగా ఆవును తినడం లేదు. ఆవు శరీరంలో ఆరని మంట పెట్టి కూర్చుంది.

రక్తహీనతలోనూ ఇదే కథ. స్కైజాంట్లు చివరికి మీరోజోయిట్లుగా చిట్లి ఎర్ర రక్తకణాల్లోకి చేరతాయి. అక్కడి రూపాన్ని పైరోప్లాజమ్ అంటారు. చాలా ఆవుల్లో రక్తం పడిపోయే స్థాయికీ, క్రిమి ఉన్న కణాల సంఖ్యకూ పొంతన ఉండదు. క్రిమి లేని ఎర్రకణాలు కూడా పోతుంటాయి. రేగిపోయిన మాక్రోఫేజ్‌లు, ఆక్సీకరణ దెబ్బ, సొంత కణాల మీద అంటుకునే యాంటీబాడీలు కలిసి మంచివాటిని కూడా ఊడ్చేస్తాయి. మందు పడి క్రిమి చచ్చాక కూడా కొన్ని ఆవులు రక్తం లేక కూలిపోవడానికి కారణం ఇదే. వైద్యం ఆలస్యమైతే మందు తన పని తాను చేసినా ఆవు దక్కకపోవచ్చు.

మరి కోలుకున్న ఆవులో ఏం జరిగింది? అక్కడ సీడీ8 అనే గుర్తు ఉన్న టి కణాలు సమయానికి తయారయ్యాయి. ప్రతి కణం తన లోపల తయారయ్యే ప్రోటీన్ల ముక్కలను పైపొర మీద ఆరబెట్టినట్టు చూపిస్తూ ఉంటుంది. సోకిన కణం ఎంత మారినా ఈ అలవాటు పూర్తిగా మానదు. దాని పైపొర మీద థైలీరియా ముక్క కనిపిస్తే సీడీ8 కణం దాన్ని క్రిమితో సహా చంపేస్తుంది. ఆఫ్రికాలో ఈస్ట్ కోస్ట్ జ్వరం తెచ్చే సోదర జాతి థైలీరియా పార్వా మీద 1994లో వచ్చిన ఒక పరిశోధన దీన్ని తేటతెల్లం చేసింది. కవల దూడల్లో రోగాన్ని తట్టుకున్న ఒకదాని నుంచి సీడీ8 కణాలను తీసి రెండోదానికి ఎక్కిస్తే, ఆ రక్షణ రెండోదానికీ వచ్చింది. యాంటీబాడీలు కాదు, ఈ కణాలే కాపాడతాయన్న నమ్మకానికి అది గట్టి ఆధారం.

సీడీ8 కణాలు ఈ స్థాయికి రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. సోకిన కణాలు అంతకంటే వేగంగా పెరిగితే ఆవు ఓడిపోతుంది. సోకిన గోమార్లు ఎన్ని పట్టాయి, ఒక్కసారిగా ఎన్ని స్పోరోజోయిట్లు దిగాయి అన్నది ఈ పందెంలో ఎవరు ముందు మొదలుపెట్టారో తేలుస్తుంది.

సాహివాల్, ఒంగోలు, హోల్‌స్టీన్

నాటు ఆవు నెమరు వేస్తూ ఎందుకు నిలబడింది అన్న ప్రశ్నకు సగం జవాబు దాని బాల్యంలో ఉంది. చిన్నప్పుడే కొద్దికొద్దిగా సోకి, తట్టుకుని, ఆ జ్ఞాపకం మోస్తూ పెరిగి ఉంటుంది. మిగతా సగం జాతిలో ఉంది. 2005లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో మూపురం ఉండే సాహివాల్ జాతి దూడలకూ విదేశీ హోల్‌స్టీన్ దూడలకూ థైలీరియాను ఎక్కించి పోల్చారు. రెండు జాతులకూ రోగం సోకింది. హోల్‌స్టీన్ దూడల్లో అది ప్రాణాంతకంగా ముదిరింది. సాహివాల్ దూడల్లో జ్వరం తక్కువగా వచ్చింది, అవి కోలుకున్నాయి. మంటకు గుర్తుగా రక్తంలో పెరిగే ప్రోటీన్ల తీరు కూడా రెండిటిలో వేరుగా ఉంది. సాహివాల్ గొప్పతనం క్రిమిని లోపలికి రానివ్వకపోవడంలో లేదు. లోపలికి వచ్చాక రేగే మంటను అదుపులో పెట్టుకోవడంలో ఉంది.

గోమారి విషయంలోనూ మూపురం ఉన్న మన జాతులది వేరే దారి. పొట్టి, నున్నటి వెంట్రుకలు, బాగా నాకే అలవాటు, కాటు పడిన చోట బేసోఫిల్, ఈసినోఫిల్ అనే తెల్లకణాలు త్వరగా చేరి దురద పుట్టించే గుణం వాటికి ఉన్నాయి. బ్రెజిల్ పచ్చికబయళ్లలో మందలుగా తిరిగే మాంసపు పశువుల్లో సింహభాగం నెలోర్ జాతివే. ఆ పేరు మన నెల్లూరుది, ఆ రక్తం మన ఒంగోలు గిత్తలది. వేడినీ గోమార్లనూ తట్టుకునే గుణం కోసమే సముద్రాలు దాటించి వాటిని పెంచుకున్నారు. ఆ గిత్తలు పుట్టిన గడ్డ మీద పాల లెక్క ఒక్కటే చూసి హోల్‌స్టీన్, జెర్సీ రక్తం శాతాన్ని పెంచుకుంటూ పోవడం బాధ కలిగించే విషయం. సంకరం వద్దని కాదు. పాలు పెరిగే ప్రతి మెట్టులోనూ థైలీరియా ముప్పు పెరుగుతుందన్న మాట సంకర ఆవును కొనే రైతుకు ముందే చెప్పాలి. ఎక్కువ మందికి అది ఆవు పడిపోయాక గాని తెలియదు.

ఎర్ర మూత్రం, సికింద్రాబాద్ జ్ఞాపకం

బెబీసియా కథ క్లుప్తంగా చెప్పినా చాలు, ఎందుకంటే అది థైలీరియాకు దాదాపు తిరగేసిన బొమ్మ. రుమేనియాలో విక్టర్ బాబెష్ 1888లో దీన్ని పశువుల రక్తంలో గుర్తించాడు. గోమారి ద్వారా వస్తుందని అమెరికాలో స్మిత్, కిల్‌బోర్న్ 1893లో రుజువు చేశారు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న చూడటానికి నాలుగేళ్ల ముందు మాట అది. బేగంపేటలో రాస్ పని చేసిన భవనం ఇప్పటికీ ఉంది. కీటకాల్లాంటి జీవులు రోగాలు మోస్తాయన్నదానికి తొలి రుజువుల్లో ఒకటి ఒక పశువుల జబ్బులోనే దొరికిందన్నది ఆ భవనం ముందు నుంచి వెళ్లే వాళ్లలో కొద్దిమందికే తెలుసు.

బెబీసియాను మోసే గోమారి రిపిసెఫాలస్ మైక్రోప్లస్. పిల్ల దశ నుంచి పెరిగేదంతా ఒకే పశువు మీద. ఇక్కడ క్రిమి తల్లి నుంచి గుడ్లలోకి దిగుతుంది. క్రిమి తెల్లకణాల జోలికి పోదు. నేరుగా ఎర్రకణంలో చేరి, దాన్ని పగలగొట్టుకుని బయటికి వస్తుంది. ఆవు మూత్రం ఎర్రగా, ముదిరితే కాఫీ రంగులో రావడం ఆ పగిలిన కణాల హీమోగ్లోబిన్ వల్లే.

ఆవు ఎర్రకణంలో కేంద్రకం ఉండదు, లోపలి ప్రోటీన్ ముక్కలను పైన ఆరబెట్టే ఏర్పాటూ ఉండదు. కాబట్టి థైలీరియాలో ప్రాణం నిలిపే సీడీ8 కణాలకు ఇక్కడ పని లేదు. భారమంతా ప్లీహం మీద పడుతుంది. మటన్ షాపుల్లో తిల్లి అనే ముదురు రంగు అవయవం ఇదే. రక్తం దీని సందుల్లోంచి జల్లెడ పట్టినట్టు పారుతుంది. బిగుసుకుపోయిన, యాంటీబాడీ అంటిన ఎర్రకణాలను అక్కడి మాక్రోఫేజ్‌లు పట్టి మింగుతాయి. వాటికి ఊపునిచ్చేది గామా ఇంటర్‌ఫెరానే. థైలీరియాలో చెవిటివాడి ముందు శంఖమైన ఆ సందేశమే ఇక్కడ ఆవును బతికిస్తుంది. ఒకే రసాయనం, రెండు జబ్బుల్లో రెండు ఫలితాలు. అందుకే "ఇమ్యూనిటీ బూస్టర్" అన్న మాటను పశువుల షెడ్డులో నమ్మలేం. దేన్ని పెంచాలో, ఎప్పుడు పెంచాలో తెలియకుండా పెంచడం అంటూ ఉండదు.

లేత దూడలకు బెబీసియా సోకినా సాధారణంగా జబ్బు ముదరదు, ముదురు వయసు ఆవుకు సోకితే ముదురుతుంది. మామూలుగా మనం అనుకునేదానికి ఇది పూర్తిగా విరుద్ధం. తొలి రెండు మూడు నెలలు ముర్రుపాల ద్వారా వచ్చిన యాంటీబాడీలు కాస్తాయి. ఆ తర్వాత కూడా దాదాపు తొమ్మిది నెలల వయసు దాకా రక్షణ ఉంటుంది. దూడ ప్లీహంలో ఐఎల్-12, గామా ఇంటర్‌ఫెరాన్ అనే సందేశ రసాయనాలు చాలా త్వరగా వచ్చి, పని ముగించుకుని త్వరగా తగ్గుతాయి. పెద్ద పశువులో అవి ఆలస్యంగా వస్తాయి. ఆ ఆలస్యంలోనే క్రిమి పెరిగిపోతుంది. దూడ వయసులో ఒకసారి సోకి కోలుకున్న పశువుకు ఆ రక్షణ ఏళ్ల తరబడి నిలుస్తుంది. గోమార్లను పూర్తిగా తుడిచేసిన షెడ్డులో పెరిగిన పశువు పెద్దయ్యాక తొలిసారి గోమార్లున్న చోటికి వెళితే కష్టాల్లో పడేది అందుకే. దూడల ఒంటి మీద గోమార్లను వదిలేయమని దీని అర్థం కాదు. అదే వయసు సంకర దూడలను థైలీరియా చంపేస్తుంది. రెండు జబ్బులూ కలిసి ఉన్న ప్రాంతంలో ఒకదాని సూత్రాన్ని రెండోదానికి అతికించడం ప్రమాదం.

గచ్చిబౌలి టీకా, నైట్రోజన్ క్యాన్

పందెంలో సీడీ8 కణాలు ముందుండేలా చేయడమే థైలీరియా టీకా పని. ఆ టీకా తయారయ్యేది మన నగరంలోనే. జాతీయ పాడి అభివృద్ధి మండలి 1982లో హైదరాబాద్‌లో నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ దీన్ని రక్షావ్యాక్-టీ పేరుతో తెచ్చింది. థైలీరియా సోకిన ఆవు కణాలను ప్రయోగశాలలో తరాల తరబడి పెంచుతూ పోతే అవి మెత్తబడతాయి. కణజాలాన్ని కోసుకుంటూ పాకే ఎంజైములు తగ్గిపోతాయి. అలా మెత్తబడిన, బతికున్న కణాలే టీకా. ఆవుకు ఎక్కించాక పరాయి కణాలను శరీరం తిప్పికొడుతుంది. ఈలోగా వాటిలోని క్రిమి ఆవు సొంత కణాల్లోకి మారి, నిదానంగా పెరుగుతుంది. నిదానంగా అన్నదే కీలకం. సీడీ8 కణాలకు కావాల్సిన ఆ రెండు మూడు వారాలు ఇక్కడ దొరుకుతాయి.

బతికున్న కణాలు కాబట్టి ఈ టీకాను ద్రవ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల దగ్గర దాచాలి. కృత్రిమ గర్భధారణ కోసం ఊళ్లలో తిరిగే వాళ్ల దగ్గర ఉండే క్యాన్‌లో ఉండేది ఆ నైట్రోజనే. బయటికి తీసి కరిగించాక వెంటనే వాడేయాలి. ఫ్రిజ్‌లో పెట్టి రేపు వేద్దామంటే కుదరదు. గాలికుంటు, బ్రూసెల్లా జబ్బులకు 2019 నుంచి దేశవ్యాప్తంగా ప్రభుత్వ టీకా కార్యక్రమం నడుస్తోంది. థైలీరియా అందులో లేదు. కావాలనుకున్న రైతు అడిగి వేయించుకోవాల్సిందే. సంకర ఆవులు ఇంతగా పెరిగిన చోట ఈ ఖాళీ చిన్నది కాదు.

ఈ టీకాకూ హద్దులున్నాయి. సీడీ8 కణాలు గురిపెట్టే ప్రోటీన్లలో కొన్ని, ఉదాహరణకు టీఏ9 అనేది, ఒక థైలీరియా నుంచి మరోదానికి బాగా మారిపోతాయి. గోమారి కడుపులో ఈ క్రిమికి లైంగిక దశ ఉంది కాబట్టి కొత్త కలగలుపులు పుడుతూనే ఉంటాయి. స్పోరోజోయిట్ పైపొర ప్రోటీన్‌తో యాంటీబాడీ టీకా చేద్దామన్న ప్రయత్నాలు కొంతవరకే ఫలించాయి. నిమిషాల్లో కణంలో దాక్కునే క్రిమిని యాంటీబాడీ పట్టుకోవడానికి ఉన్న సమయం అంత తక్కువ. గోమారికే టీకా వేయడం మరో దారి. బీఎం86 అనే గోమారి పేగు ప్రోటీన్‌ను ఆవుకు ఎక్కిస్తే, ఆవు రక్తంలోని యాంటీబాడీలు తాగిన గోమారి పేగును దెబ్బతీస్తాయి. 1990లలో ఆస్ట్రేలియా, క్యూబా ఈ తరహా టీకాలు తెచ్చాయి. అవి ప్రధానంగా రిపిసెఫాలస్ మైక్రోప్లస్ కోసం చేసినవి. గోపన్‌పల్లిలోని జాతీయ పశు బయోటెక్నాలజీ సంస్థలో కూడా థైలీరియా మీద పని జరుగుతోంది.

షెడ్డు దాకా వస్తే

బుపార్వాక్వోన్ మోతాదు కిలో బరువుకు 2.5 మిల్లీగ్రాములు, కండకు ఇచ్చే ఇంజెక్షన్, పశువైద్యుడి చేతి మీదుగా. అది స్కైజాంట్ దశలోనే, అంటే జ్వరం, గడ్డ కనిపించిన తొలి రోజుల్లోనే పడితే రెండు లాభాలు. క్రిమి చస్తుంది, అప్పటికే పరిచయమైన టి కణాలు జ్ఞాపకాన్ని నిలుపుకుంటాయి. తూర్పు ఆఫ్రికాలో బతికున్న స్పోరోజోయిట్లను ఎక్కించి, అదే రోజు దీర్ఘకాలం పనిచేసే టెట్రాసైక్లిన్ అనే యాంటీబయోటిక్ ఇచ్చి రక్షణ కల్పించే పద్ధతి ఈ సూత్రం మీదే నడుస్తోంది. జ్వరానికి సూది, మేతకు టానిక్ అంటూ నాలుగు రోజులు గడిపాక ఇస్తే మొదటి లాభం సగమే, రెండోది ఆవు బతికితేనే. టునీషియా, ఇరాన్ లాంటి చోట్ల ఈ మందుకు లొంగని థైలీరియా బయటపడింది కాబట్టి, గుర్తుపట్టకుండా ప్రతి జ్వరానికీ వాడేయడం కూడా మంచిది కాదు.

కొత్తగా కొన్న ఆవును పాత మందలో కలిపే ముందు వేరుగా కట్టడం, గోమారి మందు పడేలా చూడటం, రక్తం పరీక్ష చేయించడం గురించి పశువైద్యులు చెబుతూనే ఉంటారు. ఇందులో మరుగున పడేది పాత మంద సంగతి. థైలీరియా నుంచి కోలుకున్న ఆవు మళ్లీ అంత తేలిగ్గా పడిపోదు. కానీ దాని ఎర్రకణాల్లో కొన్ని పైరోప్లాజమ్‌లు ఏళ్ల తరబడి మిగిలే ఉంటాయి. సీడీ8 కణాలు ఎర్రకణం లోపలికి చూడలేవు కాబట్టి అక్కడ వాటిని వెతికేవాళ్లు లేరు. ఆ ఆవు ఆరోగ్యంగా తింటుంది, పాలిస్తుంది, స్లైడ్ మీద కూడా తరచుగా దొరకదు. పీసీఆర్ పరీక్షలో మాత్రం బయటపడుతుంది. ఈనిన తర్వాతో, దూర ప్రయాణం తర్వాతో ఒంట్లో ఒత్తిడి పెరిగితే ఒక్కోసారి మళ్లీ తలెత్తుతుంది. షెడ్డులో ఎన్నాళ్లుగానో ఏ జబ్బూ లేదని రైతు చెప్పేది నిజమే. ఆ పాత ఆవు రక్తం తాగిన గోమారి పిల్ల కింద రాలి, గోడ పగులులో తోలు విడిచి, లారీ దిగిన కొత్త ఆవు చెవి వెనక్కి చేరుతుంది. అక్కడ అది పక్వం కావడానికి మళ్లీ రెండు మూడు రోజులు పడుతుంది.